కట్టా, కోతా? మణికట్టు విరిగితే తీర్పు ఎప్పుడు చెప్పాలి

జారిపడేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే అరచేయి చాస్తాడు. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడి, ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ అనే ఎముక కొసకు చేరుతుంది. మణికట్టుకు ఒక అంగుళం పైన ఆ ఎముక వెడల్పవుతుంది, పైపెంకు పలచబడుతుంది, లోపలంతా గుల్లగా ఉంటుంది. విరిగేది అక్కడే. ఎముకల డాక్టర్లు రోజూ చూసే ఫ్రాక్చర్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. కర్ణాటకలోని తొండేభావి, గౌరిబిదనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇది ఎలా జరుగుతుందో చెప్పనక్కర్లేదు: పాలు పితకబోతూ తడిసిన కొట్టంలో కాలు జారడం, మల్బరీ తోట గట్టు మీద తూలడం, హిందూపురం రోడ్డులో బండి పక్కకు ఒరగడం. చెయ్యి విరిగిన గంటలోపే ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. పుత్తూరు పసరుకట్టు వేయిస్తే చాలని ఒకరంటారు. బెంగళూరు తీసుకుపోయి ప్లేట్ వేయించేస్తే పీడా పోతుందని ఇంకొకరంటారు. వయసైపోయిన చేతికి ఇంత హైరానా ఎందుకని మూడోవారంటారు. మూడు మాటలూ ప్రేమతో అన్నవే, మూడింట్లోనూ కొంత నిజముంది. కానీ మూడూ మొదటి రోజే తీర్పు చెప్పేస్తున్నాయి. మణికట్టు ఫ్రాక్చర్లలో చాలావాటికి ఆపరేషన్ కావాలా వద్దా అన్నది మొదటి ఎక్స్-రే ఒక్కటే చూసి తేల్చగలిగేది కాదు. ఎముకను సరిచేశాక తీసిన ఎక్స్-రే, తర్వాతి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్-రేలు, ఆ చెయ్యి రేపు చేయాల్సిన పని, ఇవన్నీ చూశాకే తేలుతుంది.

మొదటి రోజే తేలిపోయేవి కొన్ని ఉన్నాయి. వాటిని ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ ఆలస్యమే ముప్పు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చినా, విరిగిన చోట చిన్న గాటుపడి రక్తం ఊరుతున్నా, వెంటనే యాంటీబయాటిక్ ఇచ్చి, జాప్యం లేకుండా ఆపరేషన్ గదిలో శుభ్రం చేయాల్సిన గాయం అది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారి నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే, మణికట్టు మధ్యలో నుంచి పోయే మీడియన్ నరం నలుగుతోందని అర్థం. ఎముకను సరిచేశాక కూడా ఆ మొద్దుబారడం తగ్గకుండా ముదురుతుంటే, ఆ నరం మీది ఒత్తిడిని కోసి తీయాల్సిందే, అదీ రోజులు గడవనివ్వకుండా. వేళ్ళు పాలిపోయి చల్లబడితే రక్తనాళానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. ఇక ఎముక ముక్క అరచేతి వైపుకు జారిపోయే రకం ఒకటుంది. డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ స్మిత్ 1847లో దాన్ని వర్ణించాడు. అది కట్టులో నిలవడం అరుదు. కీలు అంచు విరిగి, దానితోపాటు చెయ్యే పక్కకు జారిపోయిన ఫ్రాక్చర్ కూడా అంతే. ఇలాంటి వాటిలో మామూలుగా ఆపరేషనే దారి, అందులో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. దీనికి పూర్తిగా అవతలి కొసన, ఎముక చిట్లింది గానీ చోటు కదలని ఫ్రాక్చర్లు ఉన్నాయి. వాటికి నాలుగు నుంచి ఆరు వారాల కట్టు సరిపోతుంది. అక్కడ ప్లేట్ వేసి సాధించేది ఏమీ ఉండదు.

తగువంతా ఈ రెంటి నడుమ ఉన్నవాటితోనే. ఎముక విరిగి వెనక్కి, అంటే చేతి పైవైపుకు, వంగిపోయి ఉంటుంది. చూడగానే చెయ్యి వంకర కనబడుతుంది, ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. మొదటి ఎక్స్-రే కూడా భయంకరంగానే ఉంటుంది. ఆ ఫిల్ము చూపించి ఆపరేషన్ అంటే కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? కానీ ఆ ఎక్స్-రే చెప్పేది ఎముక ఎంత దూరం పోయిందని మాత్రమే. చోటుకు వస్తుందా, వచ్చాక నిలుస్తుందా అన్నది అది పూర్తిగా చెప్పలేదు. అందుకే డాక్టరు ముందుగా మత్తు ఇచ్చి, వేళ్ళు పట్టి లాగి, ఎముకను దాని చోటికి నెట్టి, పిండికట్టు వేసి మళ్ళీ ఎక్స్-రే తీయిస్తారు. ఆ రెండో ఫిల్ము మీద కొలవాల్సినవి ఉన్నాయి. మామూలు మనిషిలో రేడియస్ కీలు ముఖం అరచేతి వైపుకు సుమారు 11 డిగ్రీలు వంగి ఉంటుంది. ఎదురుగా చూస్తే బొటనవేలి వైపు నుంచి చిటికెనవేలి వైపుకు సుమారు 22 డిగ్రీల వాలు ఉంటుంది. బొటనవేలి వైపు కొస, పక్కనే ఉన్న అల్నా ఎముక తల కంటే 11, 12 మిల్లీమీటర్లు ముందుకు ఉంటుంది. సరిచేశాక కూడా ఎముక 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ కుదించుకుపోయి ఉన్నా, కీలు ముఖం వెనక్కి 10 డిగ్రీలు దాటి వంగి ఉన్నా, కీలు లోపలి నున్నని ముఖంలో 2 మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లాలు ఉన్నా ఆపరేషన్ ఆలోచించాలని అమెరికా ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ 2009లో చెప్పింది. 2020లో అవే మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు ఈ మూడు కొలతలూ అలాగే ఉన్నాయి. కానీ ఈసారి వాటిని 65 ఏళ్ళలోపు వాళ్ళకు పరిమితం చేసింది. ఆ పైబడిన వాళ్ళకు ఆపరేషన్ వల్ల, రోగులు తమ చేతి గురించి తామే చెప్పే ఫలితాల్లో, దీర్ఘకాలంలో మెరుగేమీ కనబడలేదని గట్టి ఆధారాలతో ప్రకటించింది. మూడు కొలతలూ సరిచేశాక చూసేవే అని గమనించాలి. మొదటి ఫిల్ము చూసి కొలిచి కత్తి పట్టమని ఎక్కడా లేదు.

సరిచేశాక బాగుంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. గుల్ల ఎముక విరిగేటప్పుడు వెనక వైపు పెంకు పొడిపొడి అవుతుంది. డాక్టరు లాగి నిలబెట్టినప్పుడు ఆ వెనక భాగంలో ఖాళీ మిగులుతుంది. వెనక గోడ కూలిన ఇంటికి పైకప్పు ఎటు ఒరుగుతుందో ఈ ఎముకా అటే ఒరుగుతుంది. పైగా వారం గడిచేసరికి వాపు దిగి కట్టు వదులవుతుంది. ఏది జారుతుందో ముందే ఊహించే ప్రయత్నంలో 1989లో లాఫోంటేన్, ఆయన సహచరులు అయిదు గుర్తులు చెప్పారు: వయసు 60 దాటడం, మొదట్లోనే వెనక్కి 20 డిగ్రీలకు మించి వంగడం, వెనక పెంకు పొడిపొడి కావడం, ఫ్రాక్చర్ గీత కీలులోకి పోవడం, పక్కనున్న అల్నా కూడా విరగడం. వీటిలో మూడు ఉంటే కట్టులో నిలిచే అవకాశం తక్కువని వాళ్ళ అంచనా. తర్వాతి పరిశోధనల్లో వీటన్నిటిలోకీ వయసే బలమైన గుర్తుగా తేలుతూ వచ్చింది. అయినా ఇవి అంచనాలే. ఒక మనిషి చేతిలోని ఎముక జారిందా లేదా అన్నది ఎక్స్-రే తీస్తేనే తెలుస్తుంది, అది కూడా సరైన రోజున తీస్తేనే. మొదటి వారం చివర ఒకటి, రెండో వారం చివర ఒకటి, అనుమానముంటే మూడో వారంలో ఇంకొకటి. రెండో వారంలో జారిందని తెలిస్తే ఎముక ఇంకా మెత్తగానే ఉంటుంది, సరిచేసి తీగలో ప్లేటో వేయవచ్చు. ఆరో వారంలో కట్టు విప్పిన రోజు తెలిస్తే వంకరగా అతుక్కున్న ఎముకను మళ్ళీ కోసి నిలబెట్టాలి. అది చాలా పెద్ద పని.

కట్టు వేసి, ఎక్స్-రేలతో కనిపెట్టి చూడాలన్న ఈ మాటకు ఇంతవరకు దొరికిన వాటిలో బలమైన సాక్ష్యం 2022లో వచ్చింది. బ్రిటన్‌లో 36 ఆస్పత్రుల్లో, వెనక్కి వంగిన మణికట్టు ఫ్రాక్చర్ ఉన్న 500 మంది పెద్దవాళ్ళను తీసుకున్నారు. అందరికీ ఎముకను సరిచేశాక, సగం మందికి చర్మం గుండా లోహపు తీగలు గుచ్చి నిలబెట్టారు, సగం మందికి ఒద్దికగా మలిచిన పిండికట్టు మాత్రమే వేశారు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తేల్చారు. ఏడాది తర్వాత నొప్పి, చేతి పని విషయంలో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. ఇంతవరకు చదివి ఆగిపోతే, ఆపరేషన్ దండగ అనిపిస్తుంది. కానీ అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది: కట్టు వేసినవాళ్ళలో దాదాపు 13 శాతం మందికి, అంటే సుమారు ఎనిమిది మందిలో ఒకరికి, మొదటి ఆరు వారాల్లోనే ఎముక జారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. ఎనిమిది మందిలో ఏడుగురికి కత్తి తప్పింది. ఎనిమిదో మనిషి ఎవరో కనిపెట్టడానికి అక్కడి ఆస్పత్రులు వెంటబడి చూశాయి కాబట్టే, కట్టు గుంపు మొత్తం మీద ఆపరేషన్ గుంపుతో సమానంగా నిలిచింది. వెంటబడి చూసే ఏర్పాటు లేని చోట ఆ ఫలితాన్ని అరువు తెచ్చుకోలేం.

వంకర ఎముక గురించి వైద్యుల అభిప్రాయం రెండువందల ఏళ్ళుగా అటూ ఇటూ ఊగుతూనే ఉంది. 1814లో డబ్లిన్‌లో ఏబ్రహాం కాలిస్ ఈ ఫ్రాక్చర్‌ను మొదట స్పష్టంగా వర్ణించాడు. ఎక్స్-రే పుట్టడానికి ఇంకా 81 ఏళ్ళుంది, చేతితో తడిమి తెలుసుకున్నాడాయన. చెయ్యి వంకర పోకపోయినా కొంత కాలానికి నొప్పి లేకుండా బాగానే కదులుతుందని ఆయన భావించాడు. 1986లో నిర్క్, జూపిటర్ అనే అమెరికన్ వైద్యులు దానికి ఎదురుమాట లాంటిది చెప్పారు. కీలులోకి విరిగిన 43 మణికట్లను ఏళ్ళ తరబడి గమనించి, నున్నని ముఖంలో మెట్టు మిగిలిపోయిన వాటిలో 91 శాతం, మెట్టు లేని వాటిలో 11 శాతం అరిగిపోయాయని రాశారు. ఆ 2 మిల్లీమీటర్ల నియమం అక్కణ్ణుంచే పాతుకుంది. అయితే వాళ్ళు చూసింది యువకులను. పైగా 2009లో జూపిటర్ స్వయంగా సహరచయితగా ఆ పాత వ్యాసాన్ని తిరిగి పరిశీలించి, దాని పద్ధతిలోని లోపాలను అచ్చులో ఒప్పుకున్నారు. వైద్యశాస్త్రంలో ఇలాంటి నిజాయితీ మనం మరింతగా చూడాలి. ఇక 2000 తర్వాత అరచేతి వైపు నుంచి పెట్టే లాకింగ్ ప్లేట్లు వచ్చాయి. మెత్తబడిన ఎముకలో కూడా పట్టు దొరకడంతో వాటి వాడకం ఎగబాకింది. అమెరికాలో వృద్ధుల మణికట్లకు లోపల ప్లేట్లు, స్క్రూలు వేయడం 1996లో 3 శాతం ఉంటే 2005కి 16 శాతమైంది. ఆ పెరుగుదల ముందు జరిగింది, పరీక్ష తర్వాత వచ్చింది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో 65 దాటిన 73 మందిపై చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, ప్లేట్ వేసిన వాళ్ళ ఎక్స్-రేలు చక్కగా ఉన్నాయి, కట్టు వేసిన వాళ్ళ ఎముకలు వంకరగా అతికాయి. అయినా ఏడాదికి నొప్పిలో, కదలికలో, రోజువారీ పనిలో తేడా లేదు. ప్లేట్ వాళ్ళకు పిడికిలి బలం కొంత ఎక్కువ, చిక్కులూ ఎక్కువే. 60 దాటిన వాళ్ళ మీద అమెరికా, కెనడా, సింగపూర్ ఆస్పత్రులు కలిసి 2020లో, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఆస్పత్రులు 2021లో ప్రచురించిన పరిశోధనలూ ఏడాది నాటికి చెప్పుకోదగ్గ తేడా లేదనే తేల్చాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇన్స్‌బ్రుక్ అవ్వకూ బాగేపల్లి అవ్వకూ పోలికేమిటి? మన దగ్గర అరవై అయిదు దాటిన ఆడమనిషి ఇంట్లో కూర్చోదు. రెండు పూటలా ఆవుల పాలు పితికి డెయిరీకి పోస్తుంది, రాగి సంగటి గెలుకుతుంది, బట్టలు పిండుతుంది, మల్బరీ ఆకు కోస్తుంది, నేల మీద నుంచి లేచేటప్పుడు అరచేతి మీదే బరువు మోపుతుంది. ఇన్స్‌బ్రుక్ ఫలితాల్లో కట్టు వాళ్ళకు పిడికిలి బలం ఒక్కటి తగ్గిందని తేలితే, పాలు పితికే చేతికి అది చిన్న మాట కాదు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే 65 అన్న అంకెను గీటురాయిగా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. ఆ అంకె సగటు మనిషిది. ఆధారాలను మన పల్లెకు తెచ్చుకునేటప్పుడు అడగాల్సింది వయసు కాదు, ఆ చెయ్యి చేసే పని. డెబ్బై ఏళ్ళయినా రోజూ రెండు ఆవులు పితికే మనిషికి, సరిచేశాక రెండో వారంలో ఎముక బాగా జారిపోతే, ఆపరేషన్ గురించి మాట్లాడటం సమంజసమే. అదే వయసులో గుండె జబ్బుతో, ఊతకర్ర సాయంతో ఇంట్లోనే మసిలే మనిషికి వంకరగా అతికిన మణికట్టు పెద్ద నష్టం కాదు, మత్తు, కోత, ప్లేట్లే ఎక్కువ భారం. కానీ ఈ అభ్యంతరాన్ని పట్టుకుని అందరికీ ప్లేట్ అనడం కూడా తప్పే. పని చేసే చెయ్యి అన్నంత మాత్రాన ఎముక జారుతుందని కాదు. జారితేనే ఆ ప్రశ్న. ఇటు వయసులో ఉన్నవాళ్ళ సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో 18 నుంచి 75 ఏళ్ళ వాళ్ళ మీద చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో ప్లేట్ వేసినవాళ్ళ చేతి పనితీరు ఏడాది పొడుగునా మెరుగ్గానే ఉంది. కట్టు వేసినవాళ్ళలో నాలుగో వంతుకు పైగా ఎముక మళ్ళీ జారి, ఆరు వారాల్లోపే ఆపరేషన్ అయింది. నలభై ఏళ్ళ గారపనివాడికి ఎముక నిలవకపోతే ఆపరేషన్‌కు వెనకాడటంలో అర్థం లేదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: ప్లేట్ వేస్తే కట్టు బాధ ఉండదు, పది రోజుల్లో వేళ్ళూ మణికట్టూ ఆడతాయి, కూలి పోదు. ఇందులో సగం నిజం. మొదటి కొన్ని వారాలు ప్లేట్ వేసినవాళ్ళు త్వరగా కోలుకుంటారు, దాదాపు అన్ని పరిశోధనల్లోనూ అది కనబడింది. కూలి మీద బతికే ఇంటికి ఆ వారాలకు విలువ ఉంది. కానీ వాటికి కట్టే మూల్యం కూడా లెక్కలోకి రావాలి. స్క్రూ కీలులోకి పొడుచుకు రావచ్చు, ప్లేట్ అంచు రాసుకుని నెలల తర్వాత వేలి నరం, అంటే వేలిని వంచే స్నాయువు, తెగిపోవచ్చు, చీము పట్టవచ్చు, కొందరికి ప్లేట్ తీయడానికి మళ్ళీ ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇక ఆపరేషన్ అంటే ప్లేటే అనుకోవడం ఇంకో పొరపాటు. 2014లో బ్రిటన్‌లోనే 18 ఆస్పత్రుల్లో 461 మంది మీద, లాగి సరిచేయగలిగిన ఫ్రాక్చర్లకు తీగలా ప్లేటా అని పరీక్షించారు. ఏడాదికి తేడా లేదు. తీగలు చవక, కోత దాదాపు ఉండదు, కొన్ని వారాల తర్వాత లాగేయవచ్చు. కీలు ముఖం ముక్కలై, కోసి చూస్తే తప్ప కుదరని ఫ్రాక్చర్లకు మాత్రం ప్లేట్ కావాలి. అందుకే ఆపరేషన్ అని చెప్పినప్పుడు ఏ ఆపరేషన్ అని అడగడం, తీగలతో ఎందుకు సరిపోదని అడగడం రోగి హక్కు. అలా అడిగితే డాక్టర్ని అవమానించినట్టేమీ కాదు. 2018 నుంచి కర్ణాటకలో అమలవుతున్న ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకం కింద బీపీఎల్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా చికిత్స ఉచితం. డబ్బు భయంతో ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. ఉచితం కదా అని చేయించుకోవాల్సిన పనీ లేదు.

ఇప్పుడు పుత్తూరు కట్టు మాట. చింతామణి నుంచి మదనపల్లె, తిరుపతి మీదుగా పుత్తూరు పోవడం ఈ ప్రాంతానికి తరాల అలవాటు. అక్కడి రాజుల కుటుంబం పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఎముకలకు కట్లు కడుతోంది. ఆకుల పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. ఆ కట్టు పేరుతోనే బెంగళూరు దాకా బోర్డులు వెలిశాయి. దాని మీద జనానికి ఉన్న నమ్మకాన్ని మూఢత్వమని తోసేయడం నాకు సమ్మతం కాదు. చోటు కదలని మణికట్టు ఫ్రాక్చర్ ఏ సరైన కట్టులోనైనా ఆరు వారాల్లో అతుకుతుంది, వెదురు బద్ద కూడా సరైన కట్టే. కాబట్టి అక్కడికి పోయి బాగుపడ్డామని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కానీ వాళ్ళలో ఎంతమందికి ఎముక కదిలిందో, ఎంతమందికి జారాక వంకరగా అతుక్కుందో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఎముక అతుక్కోవడం వేరు, చోటులో అతుక్కోవడం వేరు. మొదటిదాన్ని ప్రకృతే చేస్తుంది, రెండోదాన్ని కనిపెట్టాలంటే కట్టిన తర్వాత ఎక్స్-రే కావాలి. కట్టు ఎవరు కట్టినా సరే, కట్టాక ఒకటి, రెండో వారంలో ఒకటి ఎక్స్-రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించండి. ఇంకొక సంగతి ప్రాణంతో సమానం. బిగుతుగా కట్టిన కట్టు కింద కండ చచ్చిపోయి చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోతుందని జర్మన్ వైద్యుడు రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మాన్ 1881లోనే రాశాడు. పిండికట్టైనా పసరుకట్టైనా, కట్టాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వేళ్ళు చాపితే భరించలేనంత సలుపు వస్తుంటే, తెల్లవారేదాకా ఆగకండి. రాత్రయినా కట్టు విప్పించండి.

ఇదంతా పెద్దవాళ్ళ మాట. పిల్లల సంగతి వేరే. రేడియస్ పొడవు పెరగడంలో అయిదింట నాలుగు వంతుల పని మణికట్టు దగ్గరి ఎదుగుదల పొరదే, అందుకే పదేళ్ళలోపు పిల్లల్లో కొంత వంకర ఎదుగుదలతోపాటు తానే సరిపోతుంది. ఎముక పెంకు ఒక పక్క నొక్కుకుపోయే రకం ఫ్రాక్చర్ మీద బ్రిటన్‌లో 965 మంది పిల్లలతో చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో, మెత్తటి బ్యాండేజి ఇచ్చినా గట్టి పట్టీ వేసినా నొప్పిలో, కోలుకోవడంలో తేడా లేదని తేలింది. ఎదుగుదల పొరలోనే విరిగి జారినప్పుడు మాత్రం మొదటి వారంలోనే డాక్టరుకు చూపించాలి. పది రోజులు దాటాక బలంగా లాగడం ఆ పొరకే ముప్పు. కుర్రకారులో ఇంకో ఉచ్చు ఉంది. బండి మీద నుంచి పడి, బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉండి, ఎక్స్-రే మాత్రం మామూలుగా కనబడితే, మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండవచ్చు. దానికి రక్తం ముందు కొస నుంచి వెనక్కి వస్తుంది కాబట్టి అతకడానికి మొండికేస్తుంది. అక్కడ కూడా తొందర పనికిరాదు: పది పద్నాలుగు రోజులకు మళ్ళీ ఎక్స్-రే, అనుమానం పోకపోతే స్కాన్. నడుము దగ్గర విరిగి పెద్దగా కదలని స్కాఫాయిడ్ మీద 439 మందితో బ్రిటన్‌లో చేసి 2020లో ప్రచురించిన పరిశోధన కూడా ముందు కట్టు వేసి, అతకని వాళ్ళకు వెంటనే స్క్రూ వేయమనే చెప్పింది.

మిగిలిన అభ్యంతరం అన్నింటికంటే నిజమైనది. వారం వారం ఎక్స్-రే అంటే వారం వారం ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి. తొండేభావి నుంచి రైలెక్కితే గౌరిబిదనూరు దగ్గరే, కానీ లోపలి పల్లెల నుంచి ఆ దగ్గరే దూరం. ఇంత కష్టపడే బదులు మొదటి రోజే ప్లేట్ వేయించేయొచ్చు కదా అన్న ఆలోచన అర్థమయ్యేదే. నేను చెప్పేది ఇది: రెండు మూడు ప్రయాణాల ఖర్చు, ఎనిమిది మందిలో ఏడుగురికి అనవసరమయ్యే కోత కంటే తక్కువ. పట్టించుకోక వంకరగా అతికిన చేతిని ఆరు నెలల తర్వాత బెంగళూరులో మళ్ళీ కోయించుకోవడం కంటే ఎంతో తక్కువ. దీనికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. తాలూకా ఆస్పత్రిలో తీసే మామూలు ఎక్స్-రే, దాన్ని కొలిచి చూసే ఎముకల డాక్టరు చాలు. కీలులోకి విరిగి ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉంటేనే సీటీ స్కాన్ కావాలి. వ్యవధి గురించి బ్రిటన్ మార్గదర్శకాలు ఒక ఆనవాలు ఇస్తాయి: ఆపరేషన్ అవసరమని తేలితే, కీలులోకి విరిగినదానికి 72 గంటల్లో, కీలు బయట విరిగినదానికి ఏడు రోజుల్లో చేయాలని, కట్టులో జారిందని తర్వాత తెలిస్తే నిర్ణయం తీసుకున్న 72 గంటల్లో చేయాలని. అంటే ఆలోచించుకోవడానికి, ఇంకో డాక్టరును అడగడానికి సాధారణంగా ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. వాయిదా వేయడానికి నెల మాత్రం లేదు.

యాభై దాటినవాళ్ళు నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రానికే మణికట్టు విరిగితే, ముఖ్యంగా ఆడవాళ్ళకు, అది ఎముకలు గుల్లబారుతున్నాయన్న కబురు కావచ్చు. అలా ఒకసారి విరిగినవాళ్ళకు ఇంకో ఎముక, రేపు తుంటి ఎముక, విరిగే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు. కట్టు విప్పేలోపే ఎముక సాంద్రత పరీక్ష గురించి, విటమిన్ డి గురించి డాక్టరును అడగండి. కట్టులో ఉన్నన్నాళ్ళూ చెయ్యి ఎత్తి పెట్టుకోండి, మొదటి రోజు నుంచే వేళ్ళు పూర్తిగా ముడిచి చాపండి, భుజం, మోచెయ్యి కదిలించండి, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. పాత ఎక్స్-రే ఫిల్ములు పారేయకండి, కొత్తదాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఎముక జారిందో లేదో తెలుస్తుంది. కట్టు వేసిన రోజే వచ్చే రెండు ఎక్స్-రేల తేదీలు అడిగి, ఆ కట్టు మీదే స్కెచ్ పెన్నుతో రాయించుకుని ఇంటికి రండి. ఆ రెండు రోజుల్లో వేరే పని పెట్టుకోకండి.